కలరా ఉండ గారికి ఒక చిల్లుల చీర రాయించిన ఉత్తరం

మహారాజశ్రీ కలరా ఉండ గారికి, కోనసీమ నుంచి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం మాత్రం తెలీదు, మీరు కనపడితే కదా! అమలాపురంలో పెళ్లికని ఇవాళ బీరువా తీస్తే, పై అరలో మిమ్మల్ని కట్టిన గుడ్డ మూట ముడి వేసింది వేసినట్టే ఉంది, లోపల ఆవగింజంత పలుకు కూడా లేదు. కింద అరలో ఉప్పాడ పట్టుచీర కొంగు మీద, సరిగ్గా ఫొటోలో పడేచోట, వరసగా చిల్లులు. పురుగుకి కూడా టేస్టుంది.

పోతే పోయారు, చెప్పి పోవచ్చు కదండీ. ఐసుముక్క కూడా పోతూ పోతూ నాలుగు చుక్కల నీళ్లు వదిలిపోతుంది. మీరు కరగాలంటే దాదాపు 80 డిగ్రీల వేడి కావాలట, మా రోహిణి కార్తె ఎంత చంపుకుతిన్నా అంతుండదు, అందుకని కరగడం అనే మజిలీయే లేకుండా గట్టి ఉండ నుంచి సరాసరి ఆవిరైపోయారు. దీన్నే ఉత్పతనం అని బడిలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఒక్క తడి మరక పెట్టి ఉంటే ఆ రోజే కనిపెట్టేదాన్ని! హారతి కర్పూరానిదీ మీ బాపతే, కానీ అది దేవుడి ఎదురుగా, గంట మోగుతుండగా వెలిగి మరీ పోతుంది. మీలా దొంగచాటుగా కాదు.

మీ ఆవిరి గాలికన్నా బరువు, పైన పెడితే కిందికి దిగుతుందని పై అరలోనే కూర్చోబెట్టాం. అది చిక్కగా నిండితేనే పురుగు చస్తుంది, మూసిన చోట అలా నిండాక మీ తరుగుదలా ఆగుతుంది. మా తలుపు ఉప్పుగాలికి తుప్పు పట్టి సందు వదిలిందంటారా? సందు కనపడితే చాలు, పారిపోవడమేనా?

మీరు పోయినా వాసన పోలేదు. బట్టలో ఇంకి కూర్చుంది. మొన్నొక శుభకార్యంలో ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టుకున్నా మీ వాసనే.

ఇంకొకటి, ఇది నవ్వులాటక్కాదు. చూడ్డానికి పిప్పరమెంటు బిళ్ల, నోట్లో పడితే విషం. మీ ఆవిరి పట్టిన బట్టలు ఉతికి ఆరేయకుండా తొడిగితే కొందరు పసిపిల్లలకి రక్తకణాలే చిట్లిపోతాయి. మా బుజ్జిదాని బట్టల దగ్గరికి వచ్చావో, చూడు.

రేపు మళ్లీ కొట్లో నిన్నే కొంటాను, చచ్చినట్టు. ఈసారి మాత్రం ట్రంకుపెట్టెలో, మూత చుట్టూ గుడ్డ కుక్కి మరీ. ఎలా పోతావో నేనూ చూస్తాను.