పోలీసులు ఎంతసేపట్లో వస్తారన్నదే అసలు కథ

"గేముల్లోకి రాజకీయాలెందుకు బ్రో?" మద్దిలపాలెంలో మా బ్యాచ్‌లో మాఫియా 3 అనే వీడియో గేమ్ మాటెత్తితే చాలు, ఇదే గోల. 1968 అమెరికా దక్షిణాదిలో నల్లజాతి హీరోని పెట్టి జాతివివక్ష ఊసెత్తకుండా కథ చెప్పాలంటే ఎలా కుదురుతుంది నాయనా?

2016లో వచ్చిన ఆ గేములో ఊరి పేరు న్యూ బోర్డో. న్యూ ఆర్లీన్స్‌కి నకలు. హీరో లింకన్ క్లే వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. కట్‌సీన్లలో, అంటే ఆట మధ్యలో వచ్చే సినిమా ముక్కల్లో, తిట్లు, అవమానాలు సరే, అవి ఏ సినిమా అయినా చూపిస్తుంది. నన్ను పట్టేసింది వేరే. డబ్బున్న తెల్లవాళ్ళ పేటలో నేరం జరిగితే పోలీసులు రెక్కలు కట్టుకుని వాలతారు. నల్లవాళ్ళ పేటలో అదే నేరానికి తాపీగా వస్తారు. కొన్ని షాపుల్లో అడుగు పెట్టగానే బయటికి పొమ్మంటారు, కదలకపోతే పోలీసులకి ఫోన్ కొడతారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. వివక్ష ఆట రూల్స్‌లోనే ఉంది. (మిగతా గేమ్ చేసిందే చేయించి విసిగిస్తుంది, అది వేరే పంచాయితీ.)

ఒళ్ళు మండేది 2013 నాటి బయోషాక్ ఇన్ఫినిట్ అనే గేమ్‌తో. 1912లో ఆకాశంలో తేలే నగరం. అక్కడ లాటరీ గెలిస్తే బహుమతి ఏంటంటే, తెల్లబ్బాయి, నల్లమ్మాయి జంట మీదకి మొదటి బంతి విసిరే అవకాశం. అంత గట్టిగా మొదలెట్టి చివరికి ఏం చేశారు? అణగారినవాళ్ళ నాయకురాలు డైసీ ఫిట్జ్‌రాయ్ చేత పసివాడికి తుపాకీ గురిపెట్టించి, అణచేవాళ్ళూ, అణగారినవాళ్ళూ ఇద్దరూ ఇద్దరేనని తేల్చేశారు. ఆమె కావాలనే అలా నటించిందని 2014లో అదనపు ఎపిసోడ్‌తో అతుకేశారు. అతుకు అతుకే.

రేపు విశాఖలో ఎవరైనా రంప తిరుగుబాటు మీద గేమ్ చేస్తే ఎలా ఉంటుందో ఊహించగలను. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు, మూడు మిషన్లు, విల్లు అప్‌గ్రేడ్లు, విజిల్సే విజిల్స్. నేనైతే మొదటి రెండు గంటలు విల్లే ఇవ్వను. పోడు కొట్టుకుంటే అటవీ చట్టం పేరు చెప్పి జరిమానా. రోడ్డు పని చేస్తే సగం కూలి. అప్పు తీర్చినకొద్దీ పెరగాలి. అక్కడ ఎదురుపడేవాళ్ళంతా తెల్లదొరలే అయితే ఆ గేమ్ అబద్ధం. మైదానం నుంచి కొండెక్కిన వడ్డీ షావుకారు కూడా కనబడాలి. అతను మాట్లాడేది మన తెలుగే.