డబుల్ క్లిక్కూ కోడూ ఒకటేనా?

మా ఆదోని, కర్నూలు వైపు లెక్కలు రాసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మాక్రోల గురించి, అంటే ఎక్సెల్ చేత పనులు చేయించే చిన్న ప్రోగ్రాముల గురించి. ఇంచుమించు ఇట్లుంది: "రోజూ యాభై ఎక్సెల్ ఫైళ్లు చేత్తో తెరిచి అవస్థ పడొద్దు. మాక్రోలో వర్క్‌బుక్స్.ఓపెన్ అని ఒక్క లైన్ రాస్తే చాలు. డబుల్ క్లిక్ కొట్టినా, కోడ్‌తో తెరిచినా ఒకటే. పైగా కోడ్‌తో తెరిస్తే అవతలి ఫైల్లోని మాక్రోలు నడవవు కాబట్టి వైరస్ భయం లేదు. ఎట్లాగూ 2022లో మైక్రోసాఫ్ట్ మాక్రోలను బంద్ చేసింది. ఫైల్ పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే పెట్టండి, ఎక్సెల్‌కు తెలుగు రాదు."

చేత్తో తెరిచి అవస్థ పడొద్దన్నంతవరకు నాకూ సమ్మతమే. మిగతాది నమ్మితే కొంప మునుగుతుంది.

"రెండూ ఒకటే" అన్నదానికి నేను ఫీజు కట్టే పాఠం నేర్చుకున్నాను. నేను లెక్కలు చూసే పత్తి కమీషన్ కొట్టుకు కాటా దగ్గరి కంప్యూటర్ నుంచి రోజూ ఒక సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైల్) వస్తుంది: తేదీ, రైతు పేరు, తూకం, ధర. 2024 నవంబర్ ఫైళ్లన్నీ మాక్రోతో తెరిచి ఒక షీట్‌లో పోశాను. నెల మొత్తం అడిగితే ఒక్క రోజు సరుకే చూపించింది. వెతికితే 05/11/2024 నాటి తూకం మే 11 కింద కూర్చోనుంది. "మే నెలలో పత్తి ఏందప్పా?" అన్నాడు మా సేటు. నా దగ్గర జవాబు లేదు.

జరిగింది ఇదీ. డబుల్ క్లిక్ కొడితే ఎక్సెల్ మన విండోస్ సెట్టింగ్ చూసుకుని, ముందున్నది రోజు, తర్వాతది నెల అని చదువుకుంటుంది. కోడ్‌తో తెరిస్తే మాత్రం, మనం వేరే చెప్పకపోతే, అమెరికా వాళ్ల లెక్కన నెలను ముందు పెడుతుంది. 12వ తేదీ దాకా ఉన్నవన్నీ తారుమారయ్యాయి. 13 నుంచి 30 దాకా అసలు తేదీలే కాలేదు, ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమ అంచుకు అతుక్కున్నాయి. నెల మొత్తానికి సరిగ్గా నిలిచింది 11/11 ఒక్కటే, అదీ ఎటు తిప్పినా అదే కాబట్టి. మందు చిన్నదే: ఓపెన్ లైన్ చివర లోకల్:=ట్రూ అని చేర్చాలి. ఎక్సెల్ ఎక్కడా తప్పు చూపదు, ఎర్రగీత రాదు. అందుకే ఈ రోగం నెలాఖరుకు గానీ బయటపడదు.

న్యాయంగా చెప్పాలంటే ఒక్క విషయంలో రెండూ నిజంగా ఒకటే. బ్యాంకు ఖాతా నంబర్ ముందున్న సున్నాలను రెండూ మింగేస్తాయి, 15 అంకెలు దాటితే ఆ పైవాటిని రెండూ సున్నాలు చేస్తాయి.

ఇక వైరస్ మాట. ఇది తలకిందుల సమాచారం. ఎవరి ఫైలైనా చేత్తో తెరిస్తే మామూలుగా పైన పసుపు పట్టీ వచ్చి "మాక్రోలు నడపమంటావా?" అని అడుగుతుంది. మన మాక్రో ఆ ఫైల్ను తెరిచినప్పుడు ఆ అడగడం ఉండదు. ఆటోమేషన్‌సెక్యూరిటీ అనే సెట్టింగ్ ఒకటుంది. ఎక్సెల్ మొదలైనప్పుడు అది 'లో' మీదే ఉంటుంది, అంటే మాక్రోలకు తలుపు బార్లా తీసినట్టే. ఫైల్లో వర్క్‌బుక్_ఓపెన్ అనే ప్రొసీజర్ ఉంటే తెరవగానే నడుస్తుంది. పాతకాలపు ఆటో_ఓపెన్ మాత్రం కోడ్‌తో తెరిస్తే తనంతట తాను నడవదు. బహుశా అది చూసే ఎవరో "మాక్రోలు నడవవు" అని పుకారు పుట్టించి ఉంటారు.

జాగ్రత్త కావాలంటే, తెరిచే లైన్‌కు ముందు ఆ సెట్టింగ్‌ను ఫోర్స్‌డిసేబుల్ చేయాలి (దాని విలువ 3), పని అయ్యాక మళ్లీ పాతచోటికి తేవాలి. ఎనేబుల్ఈవెంట్స్ అనే ఇంకో సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే వర్క్‌బుక్_ఓపెన్ ఆగుతుంది గానీ మాక్రోలు మొత్తం ఆగవు, ఆ తేడా గుర్తుండాలి.

2022 సంగతీ సగమే నిజం. మైక్రోసాఫ్ట్ అడ్డుకున్నది ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలోని మాక్రోలను. ఫైల్ దిగేటప్పుడు విండోస్ దానికొక గుర్తు తగిలిస్తుంది, అది చూసి ఎక్సెల్ ఆపుతుంది. ఆ గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులోనే నిలుస్తుంది. మన పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 అనే పాత పద్ధతివి, వాటిలోకి కాపీ చేయగానే గుర్తు రాలిపోతుంది. నెట్ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునే మనకు ఆ కాపలా ఎంతవరకో ఆలోచించండి.

"ఒక్క లైన్ చాలు" అంటే, ఒక్క ఫైలుకు చాలు. ఫోల్డర్ మొత్తానికైతే, ఫైళ్ల పేర్లు వెతికిపెట్టే ఫంక్షన్ డిర్‌తో ఒక్కొక్క పేరూ తీసుకోవాలి. డిర్ ఇచ్చేది ఉత్త పేరే, దారి ఇవ్వదు. ఫోల్డర్ దారి ముందు కలపకపోతే ఫైల్ దొరకలేదని 1004 ఎర్రర్ వచ్చి కూర్చుంటుంది. ఒకే పేరున్న రెండు ఫైళ్లు, వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నా సరే, ఒకేసారి తెరుచుకోవు. ఇంకో తమాషా: మాక్రోకు కంట్రోల్ షిఫ్ట్‌తో షార్ట్‌కట్ పెట్టారో, ఫైల్ తెరిచి అక్కడే ఆగిపోతుంది, తర్వాతి లైన్ నడవదు. షిఫ్ట్ నొక్కి ఉండటమే కారణం. షార్ట్‌కట్‌లోంచి షిఫ్ట్ తీసేస్తే సరి.

చివరిగా, తెలుగు రాదన్న మాట. ఎక్సెల్ నెత్తిన వేసిన ఈ నింద నిజానికి డిర్‌ది. అది, అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్‌కు ముందు కాలపు ఫంక్షన్. బుడ్డల (వేరుశెనగ) లెక్కకు 'బుడ్డలు' అనే పేరుతో ఫైల్ పెట్టి డిర్‌తో చదివించండి, 7 ప్రశ్నార్థకాలు వస్తాయి. కంటికి 3 అక్షరాలే, కానీ కొమ్ములూ వత్తూ విడివిడిగా లెక్కకొస్తాయి. ఆ ప్రశ్నార్థకాలను ఓపెన్‌కు ఇస్తే ఫైల్ లేదంటుంది మరి. డిర్ బదులు, అదే పని చేసే ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ వాడితే పేరు చెక్కుచెదరకుండా వస్తుంది, ఫైల్ తెరుచుకుంటుంది. మెసేజ్ బాక్స్‌లో ప్రశ్నార్థకాలు కనపడినా కంగారు పడొద్దు, అక్కడ చూపించడం రాదు గానీ లోపల పేరు బాగానే ఉంటుంది. కోడ్ రాసే కిటికీలో కూడా తెలుగు నిలవదు కాబట్టి, పేరును షీట్‌లో ఏ1 గడిలో రాసి అక్కణ్నుంచి చదివించండి. మా కొట్టులో బుడ్డలు, పత్తి, ఆముదాలు అన్నీ తెలుగు పేర్లతోనే తెరుచుకుంటున్నాయి.