బోడి మల్లయ్యల బాకీ

1932 జులైలో అమెరికా కాంగ్రెసు మాజీ సైనికుల మీద జాలిపడి లక్ష డాలర్లు మంజూరు చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినందుకు రావాల్సిన బోనస్ ఇప్పుడే ఇమ్మని వాషింగ్టన్‌లో మకాం వేసినవాళ్లు ఇళ్లకు వెళ్లిపోవడానికి రైలు ఛార్జీలవి. ఊరికే ఇవ్వలేదు, అప్పుగా ఇచ్చింది. ముందుముందు ప్రభుత్వమే వాళ్లకు చెల్లించాల్సిన సొమ్ములోంచి దాన్ని మినహాయించుకుంటుందట. బాకీ అడగవచ్చినవాడికి ఆ బాకీలోంచే దారిఖర్చులు కోసి సాగనంపే షావుకారు మన పాత కథల్లో కూడా కనిపించడు.

ఆ బాకీ 1917 ఏప్రిల్ 6న మొదలైంది. మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడన్న ప్రచారంతో అయిదు నెలల కిందటే రెండోసారి గెలిచిన అధ్యక్షుడు ఉడ్రో విల్సన్, ఆ రోజు జర్మనీపై యుద్ధ ప్రకటన మీద సంతకం పెట్టాడు. నెలన్నర తిరక్కుండా నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. మొత్తం 47 లక్షల మంది యూనిఫాం వేసుకున్నారు, 20 లక్షల మంది ఫ్రాన్సు దాకా వెళ్లారు. లక్షా 16 వేల మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా పోయింది ఇన్‌ఫ్లుయెంజా వంటి జబ్బులతో. మామూలు సిపాయి జీతం నెలకు 30 డాలర్లు. బీమా కిస్తీ, పెళ్లాంబిడ్డలకు పంపే వాటా అందులోంచే కోత. యుద్ధం ముగిశాక 60 డాలర్లు, ఒక రైలు టికెట్ చేతిలో పెట్టి పంపేశారు.

యుద్ధ సరఫరాదారుల పద్దు మాత్రం చకచకా తేలిపోయింది. సరైన కాగితం లేకుండా నోటిమాట మీద కుదిరిన కాంట్రాక్టులకు కూడా పరిహారం ఇవ్వడానికి 1919 మార్చిలోనే ప్రత్యేక చట్టం చేశారు. సిపాయి వంతుగా బోనస్ బిల్లు రావడానికి 1924 దాకా పట్టింది. డబ్బుతో కొన్న దేశభక్తి దేశభక్తే కాదంటూ అధ్యక్షుడు కూలిడ్జ్ ఆ బిల్లును తిప్పికొడితే, కాంగ్రెసు ఆయన్ను కాదని నెగ్గించింది. స్వదేశంలో పనిచేసిన రోజుకు ఒక డాలరు, విదేశంలో అయితే డాలరుంబావు. లెక్క 50 డాలర్లలోపు ఉంటే నగదు, మించితే పత్రం. ఆ పత్రం చెల్లేది 1945లో. అందుకే దానికి ‘సమాధిరాయి బోనస్’ అని పేరు పడిపోయింది.

మాంద్యం ముదిరాక ఆ పత్రాలు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో పని పోయిన మాజీ సార్జెంటు వాల్టర్ వాటర్స్, కొన్ని వందల మందితో గూడ్సు బళ్లెక్కి రాజధానికి బయల్దేరాడు. జూన్ నాటికి అక్కడ చేరినవాళ్లు 20 వేలకు అటూఇటూ. అనకోస్టియా ఏటి అవతలి బురదనేలలో చెత్తకుప్పల నుంచి ఏరుకొచ్చిన రేకులు, గుడ్ల పెట్టెలు, తారు కాగితం, పాత కార్ల డొక్కులతో గుడిసెలు లేచాయి. భార్యలూ పిల్లలూ వచ్చి చేరారు. యుద్ధంలో నల్లవాళ్ల పటాలాలు వేరు, తెల్లవాళ్లవి వేరు. ఈ బురదలో మాత్రం గుడిసెలు కలగలిసిపోయాయి, గంజి బారు ఒక్కటే అయింది. బలగంతో వెళ్లగొట్టాల్సిన నగర పోలీసు అధిపతి గ్లాస్‌ఫర్డ్, తానూ ఆ యుద్ధంలో జనరల్‌గా చేసినవాడు కాబట్టి కాబోలు, సొంత డబ్బుతో వాళ్లకు తిండిగింజలు కొనిపెట్టాడు.

జూన్ 15న ప్రతినిధుల సభ బోనస్ వెంటనే చెల్లించమంది. రెండు రోజులకు సెనెట్ 62–18 ఓట్లతో వద్దంది. ఖజానాలో డబ్బు లేదన్నారు. అదే నెలలో చికాగోలోని ఒక బ్యాంకు మునిగిపోకుండా ప్రభుత్వ పునర్నిర్మాణ ఫైనాన్స్ కార్పొరేషన్ 9 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ఆ బ్యాంకు ఛార్లెస్ డాస్‌ది. ఫ్రాన్సులో అమెరికా సేనకు సరుకు కొనుగోళ్లు చూసిన జనరల్, తర్వాత ఉపాధ్యక్షుడు, అన్నిటికీ మించి నిన్నటిదాకా ఆ కార్పొరేషన్ అధ్యక్షుడు. ఒకే యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లలో ఒకరికి జూన్ నెల అలా కలిసొచ్చింది.

జులై 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు మాజీ సైనికులకు ప్రాణాంతకమైన గాయాలయ్యాయి. సాయంత్రానికి సైన్యం దిగింది. గుర్రపు దళం, కత్తులు, బాష్పవాయువు, టాంకులు. ముందు నడిచింది సైన్యాధిపతి మెకార్థర్, ఆయన వెంట మేజర్ ఐజన్‌హోవర్, గుర్రాల మీద మేజర్ పాటన్. 1918లో ఫ్రాన్సులో గాయపడిన ఈ పాటన్‌ను గుంతలోకి లాగి బతికించిన జో ఏంజెలో అనే సిపాయి కూడా ఆ ఉద్యమంలో ఉన్నాడు. మర్నాడు కలవడానికి వస్తే పాటన్ పొమ్మన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటాం. ఇక్కడ సైన్యమే ఏరు దాటి వెళ్లింది, మల్లయ్యల గుడిసెలు తగలబడ్డాయి. చనిపోయిన ఇద్దరిలో విలియం హుష్కా లిథువేనియా నుంచి వలసొచ్చినవాడు. ఆయనకు ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో చోటు దొరికింది.

వాళ్లలో చాలామంది అసలు సైనికులే కారని అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం దబాయించింది. నూటికి 94 మందికి సర్వీసు రికార్డు ఉందని మాజీ సైనికుల శాఖ లెక్కే చెప్పింది. నవంబరు ఎన్నికల్లో హూవర్ ఓడిపోయాడు. కథను ఇక్కడ ముగించి, గెలిచిన రూజ్వెల్ట్‌ను మంచివాడిగా నిలబెట్టడం చాలామందికి అలవాటు. మేం ఒప్పుకోం. బోనస్ బిల్లును ఆయనా వీటో చేశాడు. పని ఇస్తామని ఫ్లోరిడా దీవుల్లో రోడ్డు క్యాంపులకు పంపిన మాజీ సైనికుల్లో 250 మందికి పైగా 1935 సెప్టెంబరు తుపానులో కొట్టుకుపోయారు. 1936లో డబ్బు దక్కిందంటే ఆయన వీటోను కాంగ్రెసు తోసిపుచ్చడం వల్లే.

1944 జూన్ 22న ఆయనే సంతకం చేసిన జీఐ బిల్లు (మాజీ సైనికులకు చదువు ఖర్చు, అప్పుకు పూచీ ఇచ్చే చట్టం) వెనక, కోటీ 60 లక్షల మంది రెండో యుద్ధం నుంచి తిరిగొస్తే ఇంకో అనకోస్టియా లేస్తుందేమోనన్న భయం ఉందని మా నమ్మకం. అదీ మంచికే వచ్చింది. 22 లక్షల మంది కాలేజీ గడప తొక్కారు. ఇవాళ మన తెలుగు పిల్లలు ఐ–20 (విద్యార్థి వీసాకు కావాల్సిన ప్రవేశ పత్రం) కోసం ఎదురుచూసే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఆ కాలంలోనే విద్యార్థులు వెల్లువెత్తారు. (అమెరికాను వేలెత్తి చూపేముందు, 2015 ఆగస్టు 14న జంతర్ మంతర్‌లో ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ అడుగుతున్న మన ముసలి సైనికులపై పోలీసులు చేయి చేసుకున్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.)

అయితే జీఐ బిల్లు కింద ఇంటికీ వ్యాపారానికీ అప్పు కావాలంటే స్థానిక బ్యాంకు సరేననాలి. అనకోస్టియాలో కలిసిన గంజి బారు దక్షిణాది బ్యాంకు గుమ్మం ముందు మళ్లీ విడిపోయింది. 1947లో మిసిసిపీలో ప్రభుత్వ పూచీతో మాజీ సైనికులకు ఇచ్చిన అప్పులు 3,200 పైచిలుకు. నల్లవాళ్లకు అందినవి రెండు.