జీన్లు ఆన్ చేసే మందు అట!

ఆక్వా గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. పోయిన పంటప్పుడూ తిరిగింది. ఈసారి ఎవరో దానికి డీఎన్‌ఏ బొమ్మ తగిలించి, కింద ఫోన్ నంబరు కూడా పెట్టారు. పంపేవాళ్లంతా నా వాళ్లే కాబట్టి బ్లాక్ చెయ్యలేను. "ల్యాబ్‌లో పనిచేస్తావు కదా, ఇది నిజమేనా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది.

మెసేజ్ చెప్పేది ఇదీ. విదేశీ కంపెనీలు మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్య జీన్లు మార్చేశాయి, అందుకే దానికి ఇన్ని జబ్బులు. అది తింటే దాని ఆర్‌ఎన్‌ఏ (జీన్ పనిచేసేటప్పుడు తయారయ్యే నకలు) మన ఒంట్లో చేరుతుంది. 2019లో శాస్త్రవేత్తలు వనామీ జీన్లన్నీ చదివేశారు; ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేసి, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బును ఎదిరించే వేల జీన్లను పట్టేశారు. వాటిని ముందుగానే ఆన్ చేసే లిక్విడ్ వచ్చింది. మేతలో కలిపితే చాలు, సీడ్‌కి, అంటే చెరువులో వేసే రొయ్యపిల్లలకి, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు కూడా అక్కర్లేదు. చివర్లో ఒక పిలుపు: మన తల్లి రొయ్యలు పరాయి దేశాల చేతిలో ఉన్నాయి, మేలుకోండి రైతన్నలారా!

జీన్లు మార్చారన్నది అబద్ధం. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ ఒడ్డున దొరికే రొయ్య ఇది. బాగా పెరిగిన వాటిని ఏరి, తరం తర్వాత తరం జతకట్టించారు, అంతే. జబ్బులకు అదే కారణమైతే 1994–95లో మన తీరంలో టైగర్ రొయ్య ఎందుకు పోయింది? ఆ తల్లులను మన సముద్రంలోనే పట్టారు, వాటి జీన్ల జోలికి ఏ కంపెనీ వెళ్లలేదు. వైట్ స్పాట్ అవేమీ చూడలేదు. ఇంకో సంగతి, ఎస్‌పీఎఫ్ అంటే జబ్బులు రాని రొయ్య అని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఫలానా జబ్బులు లేకుండా పెంచిన రొయ్య అని మాత్రమే దానర్థం. మన చెరువులో దిగాక దాని సంగతి మన నీళ్లు చూసుకుంటాయి.

తింటే ఆర్‌ఎన్‌ఏ ఒంట్లో చేరుతుందట. అన్నంలోనూ ఉంది ఆర్‌ఎన్‌ఏ, గోంగూరలోనూ ఉంది. కడుపులో పడ్డాక అరిగిపోతుంది. గోంగూర తిని ఆకులు మొలిచినవాళ్లను నేనింతవరకు చూడలేదు. తర్వాత.

ఇక ఆ "వేల జీన్లు" సంగతి. 2019లో వనామీ జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం, చదివింది నిజమే. పాతిక వేలకు పైగా జీన్లు తేలాయి. ఆ డీఎన్‌ఏలో దాదాపు నాలుగో వంతు చిన్న చిన్న ముక్కలే మళ్లీ మళ్లీ వస్తాయి, అందుకే దాన్ని అతికించడానికి వాళ్లు నానా తంటాలు పడ్డారు. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ వేరే పని. వైరస్ ఎక్కించిన రొయ్యనుంచీ ఎక్కించని దాన్నుంచీ రక్తకణాలో, మొప్పలో, రైతులు లివర్ అనే హెపటోపాంక్రియాసో తీస్తారు. ఆర్‌ఎన్‌ఏ పాడైపోకుండా వెంటనే గడ్డకట్టిస్తారు, దాన్ని డీఎన్‌ఏ కాపీగా మార్చి మిషన్‌లో చదువుతారు. ఆ గంటలో, ఆ అవయవంలో ఏ జీన్ ఎంత పనిచేస్తోందో లెక్క వస్తుంది. పెరిగిన జీన్లు కొన్ని వేలు ఉండొచ్చు. కానీ పెరిగినవన్నీ రొయ్యను కాపాడేవే అని ఎవరు చెప్పారు?

ఇది కరెంటు మీటరు లాంటిది. ఇంట్లో ఎంత కాలుతోందో చెబుతుంది కానీ, ఆ కరెంటుతో ఫ్యాన్ వేసుకుని కూర్చున్నది ఇంటాయనో దొంగో చెప్పదు. వైట్ స్పాట్ వైరస్ అచ్చంగా ఆ దొంగ పనే చేస్తుంది. రొయ్య రక్షణకు పనికొచ్చే స్టాట్ అనే ప్రొటీన్‌ను అది తన వైపు తిప్పుకుంటుంది. దాని సాయంతోనే తన మొదటి జీన్లలో ఒకదాన్ని జోరుగా నడిపించుకుంటుంది. ఈ సంగతి 2007లోనే పేపర్లో వచ్చింది. అంటే "రోగనిరోధక జీన్" అని పేరున్న ప్రతిదాన్నీ గుడ్డిగా ఆన్ చేస్తే, వచ్చే వైరస్‌కి ముందే మేత వేసి పెట్టినట్టు కూడా కావచ్చు. మీ లిక్విడ్ ఏ జీన్లను ఆన్ చేస్తుంది, ఏవి చెయ్యదు అని ఆ నంబరుకు ఫోన్ చేసి అడగండి. "అన్నీ సార్" అంటారు.

ఇంకో విషయం. అమావాస్యకీ పౌర్ణమికీ చెరువులో మోల్టింగ్ ఎలా ఉంటుందో నేను రైతులకు చెప్పక్కర్లేదు. కుబుసం విడిచేటప్పుడు పెంకు కట్టే జీన్లు, కాల్షియం మోసే జీన్లు, ఇంకా ఎన్నో పైకీ కిందికీ ఊగుతాయి. జబ్బు ఉన్నా లేకపోయినా సరే. ఒక రొయ్య మోల్టింగ్‌లో ఉండి, ఇంకోటి గట్టి పెంకుతో ఉంటే, ఆ రెండింటినీ పోల్చి వేల జీన్లు "ఆన్" అయ్యాయని చూపించడం ఎవరైనా చేస్తారు. మంచి శాస్త్రవేత్తలు ఈ తేడా రాకుండా ఒకే దశలో ఉన్న రొయ్యలను తీసుకుంటారు. మందు కరపత్రం రాసేవాళ్లకి ఆ బాధ లేదు.

రోగనిరోధకత పెంచడానికి ఇచ్చే బీటా గ్లూకాన్ లాంటివి ల్యాబ్ ట్యాంకుల్లో కొంత పనిచేసిన మాట కాదనను. ఆర్‌ఎన్‌ఏతోనే వైరస్‌ను ఆపిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. వైరస్ జీన్‌కి సరిపోయే జంటపోగు ఆర్‌ఎన్‌ఏను రొయ్యకు ఎక్కిస్తే అది తట్టుకుంది. ఎక్కించింది సూదితో, ఒక్కో రొయ్యకి. మనం ఎకరాకి లక్షల్లో వేస్తాం కదా, సూదులు పట్టుకుని చెరువులోకి ఎవరు దిగుతారో మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లే తేల్చుకోండి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. పీసీఆర్ టెస్టు అక్కర్లేదన్న ముక్క దగ్గర నాకు నవ్వు రాదు.

రొయ్యకు యాంటీబాడీలు లేవు. మనకు టీకా పనిచేసినట్టు దానికి పనిచెయ్యదు. వైరస్ మోసుకొచ్చిన సీడ్‌ను ఏ సీసా బాగుచెయ్యదు కాబట్టే, చెరువులో వెయ్యకముందు చూసుకోవడం తప్ప దారి లేదు. సీడ్ ట్యాంకు నుంచి సరిగ్గా 150 పిల్లల్ని తీసి టెస్టు చేస్తే, నూటికి రెండింటికి మాత్రమే వైరస్ ఉన్నా దొరికే అవకాశం 95 శాతం. ఖర్చు ఎంతో మీకు తెలుసు. ఎకరా మేత ఖర్చు పక్కన అదొక లెక్కా? టెస్టు నెగెటివ్ వచ్చినా జబ్బు రావచ్చు, నిజమే: పీతలు తెస్తాయి, నీళ్లు తెస్తాయి. దానికి బయోసెక్యూరిటీ, అంటే జబ్బు బయటినుంచి రాకుండా కట్టుదిట్టం, చూసుకోవాలి కానీ, టెస్టే మానేస్తే ఎలా?

పైగా ఇది ఒక్కరితో పోయేది కాదు. ఒకే కాలువలోంచి తోడుకుంటాం, అదే కాలువలోకి వదులుతాం. "జీన్లు ఆన్ అయ్యాయిలే" అన్న ధీమాతో ఒకాయన టెస్టు లేని సీడ్ వేసి, తెల్ల మచ్చలు కనపడగానే రాత్రికి రాత్రి తూములెత్తి నీళ్లు వదిలేస్తే, కింద ఉన్న చెరువుల వాళ్లు ఏం పాపం చేశారు? వాళ్ల రొయ్యల జీన్లు కూడా ఆ సీసా వాళ్లే ఆన్ చేస్తారా? ఇంకెన్ని చెరువులు ఆఫ్ అవుతాయో చూసుకోవడమే ఇక!

తల్లి రొయ్యల గురించి చెప్పింది మాత్రం నిజం. 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పటి నుంచి సీడ్ తీసే హేచరీలు ఎక్కువగా విమానాల్లో దిగిన తల్లుల మీదే నడుస్తున్నాయి. అవి చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ అయ్యాకే మన తీరానికి వస్తాయి. జీన్ల చదువు వల్ల అసలైన లాభం కూడా ఆ తల్లుల దగ్గరే ఉంది. బాగా పెరిగే, తట్టుకునే కుటుంబాలను గుర్తుపట్టే డీఎన్‌ఏ గుర్తులు (మార్కర్లు) అందులోంచే వస్తాయి, ఆ కుటుంబాలు బ్రీడింగ్ కంపెనీల దగ్గర ఉంటాయి.

ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. వనామీ రక్తకణాల్లో, లివర్‌లో పనిచేసే జీన్ల ముక్కలు చదివి రోగనిరోధక జీన్లు వెతకడం 2001 నాటికే మొదలైంది. తర్వాత పేపర్లు కుప్పలు పడ్డాయి. రొయ్య లివర్‌లో చేరి ఎదుగుదల ఆపే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పట్టి, 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) దగ్గర ఆగిపోయిన చెరువుకి ఈ రోజుకీ మందు లేదు. ఇన్నేళ్లు ఏం చేశారయ్యా అని రైతు అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. అలాంటి చోటే ఇలాంటి సీసాలు అమ్ముడుపోతాయి.

చెన్నైలో సీబా (ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లు మన ఇండికస్ రొయ్య జీనోమ్‌ను చదివారు, దాన్ని మెరుగుపరిచే బ్రీడింగ్ మీద పని నడుస్తోంది. అది తరాల మీద తేలే పని, ఈ పంటకు అందదు. ఈ పంట సీడ్‌కి వేసేముందు పీసీఆర్ చేయించండి. వైట్ స్పాట్‌తో పాటు ఈహెచ్‌పీకి కూడా.