పున్నమి రోజు వద్దు

ఆకాశాన్ని చూడటం మొదలుపెట్టే కొత్తవాళ్లు టెలిస్కోపు కన్నా ముందు బైనాక్యులర్స్ కొనాలని మీరు వేసిన వ్యాసంలో వ్యాసకర్త అన్న మాట నిజమే. కానీ ఎన్ని ఎక్కువ రెట్లు పెద్దగా చూపిస్తే అంత మేలు అని అదే వ్యాసంలో అనడం ఒప్పుకోలేను. 20×80 రకాన్ని స్టాండు లేకుండా పట్టుకుంటే నక్షత్రాలు నిలవవు, చేతులు నొప్పెట్టడం అదనం! 7×50 గానీ 10×50 గానీ చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లో చెబుతుంది; రెండోది ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. మసక చుక్కలకు పనికొచ్చేది ఈ రెండోదే.

చంద్రుణ్ణి పున్నమినాడు చూసి పెదవి విరవకండి. ఆ రోజు నీడలు దాదాపు ఉండవు. శుక్ల సప్తమి, అష్టమి తిథుల్లో చూడండి: వెలుగూ చీకటీ కలిసే అంచు వెంట నీడలు పొడవుగా సాగి, గుంటల గట్లు స్పష్టంగా తేలతాయి. చలికాలంలో కృత్తికలు తప్పనిసరి. మామూలు కంటికి ఆరేడు, బైనాక్యులర్స్‌లో పదుల కొద్దీ. మోచేతులు పిట్టగోడకు ఆనించి గురుగ్రహం వైపు తిప్పితే 1610లో గెలీలియో గుర్తించిన నాలుగు ఉపగ్రహాలు పక్కన చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. కొన్ని రాత్రులు నాలుగూ ఒకేసారి కనిపించవు, ఒకటో రెండో గ్రహం వెనకో ముందో ఉంటాయి.

పిల్లల చేతికిస్తే ఒక జాగ్రత్త: పగలు సూర్యుడి వైపు తిప్పనివ్వకండి, చూపు పోతుంది.