కన్ను కొట్టిన కాబోయే వియ్యంకుడు

పెళ్లిచూపులు మధ్యాహ్నం మూడున్నరకి. ఆడపెళ్లివారి పెద్దాయనకి పంటి పోటు తెల్లవారుజామున రెండున్నరకే మొదలైంది. పడుకుంటే ప్రాణం పోతోంది, లేచి కూర్చుంటే కాస్త నయం. పంటి లోపలి గుజ్జు వాచిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చుట్టూ గట్టి గోడలు, వాపుకి చోటు లేదు. తల వాల్చగానే అక్కడ రక్తపు ఒత్తిడి పెరిగి పోటు రెట్టింపవుతుంది. లవంగం నమిలారు, లవంగ నూనెలో దూది ముంచి పెట్టారు. తెల్లారేసరికి బెంగళూరు మారతహళ్ళిలోని ఆ మూడు పడగ్గదుల ఫ్లాటంతా లవంగం వాసనే గానీ పన్ను మాత్రం పట్టు వదల్లేదు.

“పెళ్లివారొచ్చేలోపు వచ్చేస్తా” అని పన్నెండింటికి ఆయన వీధి చివరి పంటి డాక్టరు కుర్చీలో వాలారు. కుడివైపు కింది దవడ, రెండో పెద్ద దవడ పన్ను. రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. ముందు మత్తు.

పై పన్నైతే చిగురు పక్కన పొడిస్తే సరిపోయేది. పై దవడ ఎముక పల్చన, మందు ఇంకిపోతుంది. కింది దవడ ఎముక దట్టం, వెనక పళ్ల దగ్గర మందు లోపలికి దిగదు. అందుకని నరం ఆ ఎముకలోకి దూరేచోటే దాన్ని పట్టుకోవాలి. ఆ నరం పేరు ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్. ట్రైజెమినల్ అనే ఐదో కపాల నరానికి చెందిన మూడో కొమ్మలో పిల్లకొమ్మ. పన్నెండు జతల కపాల నరాల్లోకీ లావుపాటిది ఈ ట్రైజెమినలే. మొదటి కొమ్మ నుదురు, కంటిగుడ్డు పైపొర, ముక్కు కొన చూసుకుంటుంది. రెండోది చెంప, పై పెదవి, పై పళ్లు. మూడోది కింది పళ్లు, కింది పెదవి, గడ్డం, నాలుకలో ముందు మూడింట రెండు వంతుల స్పర్శ. నమిలే కండరాలను కదిలించే పని కూడా ఈ మూడోదానిదే. మిగతా రెండూ కబురు మోయడమే తప్ప ఏ కండరాన్నీ కదిలించవు.

సూది వేసే పద్ధతి చదవడానికి సులువు. ఎడమ చేతి బొటనవేలు దవడ ఎముక ముందంచు లోపలికి వంగినచోట ఆనించాలి. సిరంజి గొట్టం ఎదుటి వైపు చిన్న దవడ పళ్ల మీదుగా రావాలి. కింది పళ్ల నమిలే తలానికి సుమారు సెంటీమీటరు పైన గుచ్చి, 20 నుంచి 25 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. సూది మొనకి ఎముక తగలాలి. తగిలాక ఒక్క మిల్లీమీటరు వెనక్కి తీసి, పిస్టన్ లాగి రక్తం రాలేదని చూసుకుని, 2 శాతం లిగ్నోకైన్ అనే మత్తుమందు, అందులో 1:80,000 అడ్రినలిన్ కలిసినది, 1.5 మిల్లీలీటర్లు నిమిషం పైగా తీసుకుంటూ నిదానంగా ఎక్కించాలి.

ఈ మొత్తంలో ప్రాణమంతా ఒక్క మాటలో ఉంది: ఎముక తగలాలి.

పెద్దాయన “తొరగా కానివ్వండి బాబూ” అని నోరు సగమే తెరిచారు. సిరంజి గొట్టం చిన్న దవడ పళ్ల మీద ఉండాల్సింది ముందు పళ్ల వైపు జరిగింది. గొట్టం ముందుకు జరిగితే మొన వెనక్కి పోతుంది. 25 మిల్లీమీటర్లు దాటినా ఎముక లేదు. అలాంటప్పుడు సూదిని చాలావరకు వెనక్కి లాగి, గొట్టాన్ని ఎదుటి పెద్ద దవడ పళ్ల మీదికి జరిపి మళ్లీ పోవాలి. కుర్చీలోని మనిషి గడియారం చూస్తూంటే డాక్టరు చేతికీ తొందర అంటుకుంటుంది. మందు అక్కడే దిగిపోయింది.

అక్కడ, అంటే పెరోటిడ్ గ్రంథిలో. గవదబిళ్లలు వచ్చినప్పుడు చెవి కింద వాచేది ఇదే. ఏడో కపాల నరం, ఫేషియల్, మెదడు కాండం నుంచి బయల్దేరి, చెవి ఎముకలో సన్నటి కాలువ గుండా మెలికలు తిరిగి, చెవి వెనక కింద ఓ చిల్లులోంచి బయటపడి, తిన్నగా ఈ గ్రంథిలో దూరి ఐదు కొమ్మలవుతుంది. అంతా దూరి ఆ గ్రంథికి చేసే ఉపకారం ఏమీ లేదు. లాలాజలం ఊరించే బాధ్యత తొమ్మిదో నరానిది. ఏడోది వేరేవాళ్ల అపార్ట్‌మెంటు ప్రాంగణంలోంచి అడ్డదారిన స్కూటర్ తోలుకుపోయేవాళ్ల బాపతు.

పది నిమిషాలైంది. కింది పెదవి తిమ్మిరెక్కలేదు. పన్ను ముట్టుకుంటే పెద్దాయన కుర్చీలోంచి ఎగిరారు. పుక్కిలించమంటే నీళ్లు కుడి మూలనుంచి కొత్త చొక్కా మీద పడ్డాయి. మూతి ఎడమకి వెళ్లింది, కుడి రెప్ప పడటం మానేసింది. నొప్పి ఉన్నది ఉన్నట్టే ఉంది, ముఖం మాత్రం పోయింది. 1821లో చార్లెస్ బెల్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీ ముందు ముఖ నరాల సంగతి పెట్టేనాటికి, ముఖం నొప్పికి ఏడో నరాన్ని కోసే వైద్యులుండేవారు. వాళ్ల రోగులకీ ఇదే ఫలం: మూతి పోయేది, నొప్పి మిగిలేది. పెద్దాయన కాస్త అదృష్టవంతుడు. లిగ్నోకైన్ నరాన్ని కొయ్యదు, సోడియం దారులు మూసి కబురు ఆపుతుంది, అంతే. కొన్ని గంటల్లో దానంతటదే వదులుతుంది.

డాక్టరుకి విషయం తెలుసు. కంగారు పడొద్దన్నాడు, కంట్లో చుక్కలు వేశాడు, వేలితో రెప్ప మూసుకోవడం నేర్పాడు. ఈసారి ఎముక తగిలించి మళ్లీ సూది వేసి పని ముగించాడు. దాంతో కుడివైపు ఐదో నరం మూడో కొమ్మలో స్పర్శ మోసే పిల్లకొమ్మలూ సెలవు, ఏడో నరమూ సెలవు. ఆ సరంజామాతో పెద్దాయన ఇంటికి బయల్దేరారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మనిషి నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేస్తాడు. కన్ను తెరిచే కండరాన్ని నడిపేది మూడో నరం, మూసేది ఏడోది. ఒకవైపు ఏడోది పడుకుంటే ఆ కన్ను తెరుచుకునే ఉంటుంది, రెండోది మామూలుగా పడుతుంటుంది. చూసేవాళ్లకి అది రెప్పపాటు కాదు, కన్ను కొట్టడం. ఎడమవైపుకే సాగే చిరునవ్వు దానికి తోడు. లిఫ్టులో ఎదురైన నాలుగో అంతస్తు ఆవిడ రెండో అంతస్తులోనే దిగిపోయింది.

తలుపు తీసిన భార్య “ఏవండీ, మూతేంటి అలా!” అని కూలబడింది. బావమరిది “బావగారికి పక్షవాతం! హోసూరు రోడ్డు నిమ్హాన్స్ ఆస్పత్రికి పదండి!” అని కారు తాళాలు తీశాడు. పెద్దాయన “వాగున్నానయ్యా” అన్నారు. బాగున్నాననే చెప్పారు పాపం. ప, బ, మ పలకాలంటే పెదవులు రెండూ బిగిసి కలవాలి.

అడ్డుపడింది మేనకోడలు, పంటి వైద్యం చదివి ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్ల. “మామయ్యా, కనుబొమలు పైకెత్తు.” ఎడమవైపు నుదుటి మీద మూడు గీతలు, కుడివైపు ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. “రెండు చేతులూ చాచి పది సెకన్లు పట్టుకో.” పట్టుకున్నారు. మాట అర్థవంతంగానే ఉంది, అక్షరాలే జారుతున్నాయి. డాక్టరుకి ఫోన్ చేసి రెండు సూదుల సంగతీ రాబట్టింది. నుదుటి కండరాలకి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలొస్తాయి, అందుకే పైన మెదడులో దెబ్బ తగిలినప్పుడు సాధారణంగా నుదురు ముడతలు పడుతూనే ఉంటుంది, మూతి ఒక్కటే వంకరవుతుంది. నరం దారిలోనే అడ్డుపడితే నుదుటితో సహా సగం ముఖం ఆగుతుంది.

“అయితే బాబాయ్,” అంది తాళాలు పట్టుకున్నాయన వైపు తిరిగి, “సూది వేసిన నిమిషాల్లో వచ్చింది కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టా. ఏ సూదీ లేకుండా మూతి వంకర పోతే నుదురూ గిదురూ చూస్తూ కూర్చోకూడదు. నీ తొందరే కరెక్టు. రక్తపు గడ్డ కరిగించే మందుకి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. అది స్ట్రోక్ కాదు, ఏడో నరం ఒక్కటే పడిపోయే బెల్స్ పాల్సీ అని తేలినా స్టెరాయిడ్ మూడు రోజుల్లోపు మొదలుపెట్టాలి.”

“వీడి గొంతు చెవులు చిల్లులు పడేట్టు వినవడుతోంది. చెవి నరం కూడా ఫోయిందా?” అని అడిగారు పెద్దాయన. ప్రశ్న తెలివైనదే. పెద్ద శబ్దాలకి చెవిలోని చిట్టి ఎముకను బిగించి కాపాడే స్టెపీడియస్ కండరం ఏడో నరం కిందదే. కానీ ఆ కొమ్మ ఎముక కాలువ లోపలే చీలిపోతుంది, మందు పడింది బయట గ్రంథిలో. “అది నరం దోషం కాదు మామయ్యా, బాబాయి గొంతే అంత.”

మూడున్నర అనుకున్న పెళ్లివారు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటేసరికి నాలుగైంది. ఆయన వాళ్లకి నమస్కారం పెట్టి, చిరునవ్వు నవ్వి, రెప్ప వేశారు. పెళ్లికొడుకు తల్లి చీర కొంగు సర్దుకుంది.

కాఫీ వచ్చింది. మేనకోడలు ఆయన గ్లాసు లాక్కుని చల్లార్చి తెచ్చింది. కింది పెదవికి వేడి తెలియనప్పుడు పొగలు కక్కే కాఫీ తాగితే రాత్రికి బొబ్బలే. పిల్లలైతే తిమ్మిరెక్కిన పెదవిని కొరుక్కుని పుండు చేసుకుంటారు. మిక్స్చర్ ప్లేటు ఆపడం మాత్రం ఆమె మరిచింది. పెద్దాయన ఎడమవైపు వేసుకుని భేషుగ్గా నమిలారు, నమిలే కండరాలకి మత్తు తగల్లేదు కదా. అయితే నమిలిన ముద్దని పళ్ల మధ్యకి నెట్టి ఉంచేది బుగ్గలోని బక్సినేటర్, అది ఏడో నరం మనిషి. కుడివైపు జారిన బూందీ అంతా బుగ్గలో చేరి కూర్చుంది. నాలుకతో తీద్దామంటే నాలుకకి అటువైపు ఏముందో తెలియడం లేదు.

“మా ఫాఫ వీటెక్” అంటున్నారాయన, బుగ్గ ఉబ్బించి.

పెళ్లికొడుకు తండ్రి గొంతు సవరించుకుని, “మాకు కట్నం గిట్నం ఏమీ వద్దు బావగారూ. మీ అమ్మాయి సంతోషం కోసం మీరేదైనా ఇచ్చుకుంటే అది మీ ఇష్టం” అన్నాడు. పెద్దాయన రెప్ప వేశారు. “అర్థమైందిలెండి” అని, తన భార్య చెవిలో గొణిగాడు: “ఫ్లాటు అనుకుంటా.”

ఫ్యాను గాలికి ఆరిన కుడి కంట్లోంచి నీళ్లు కారడం మొదలైంది. కన్నీళ్లు ఊరించే కొమ్మ కూడా పైనే చీలిపోతుంది గనక ఊరడం ఆగలేదు. వాటిని ముక్కులోకి పంపేది రెప్పపాటు, అది లేక చెంప మీదికి. “ఆడపిల్ల తండ్రి కదా” అని పెళ్లికొడుకు తల్లి కరిగిపోయింది. కరిగినది కరిగినట్టు ఉంటే బాగుండేది. అమ్మాయి వచ్చి కూర్చోగానే పెద్దాయన వేంకటేశ్వరస్వామిని తలుచుకుని కళ్లు మూసుకున్నారు. మూతపడేటప్పుడు కనుగుడ్డు పైకి తిరగడం చాలామందికి సహజమే, రెప్ప కప్పేస్తుంది గనక కనబడదు. కప్పని కంట్లో తెల్లగుడ్డు ఒక్కటే మెరిసింది. చార్లెస్ బెల్ పేరుతోనే దీన్నీ పిలుస్తారు. పెళ్లికొడుకు నాయనమ్మ మాత్రం “పూనకం!” అని లేచి నిలబడింది.

ఇక దాచడం కుదర్లేదు. మేనకోడలు గవదబిళ్లల గ్రంథి దగ్గర్నుంచి కన్నీళ్ల దాకా అందరికీ వివరించింది. నాయనమ్మ పావురం రక్తం రాయమంది. అక్కర్లేదు, సాయంత్రానికి అదే పోతుందంది ఈ పిల్ల. పెళ్లికొడుకు తండ్రి ఫ్లాటు సంగతి మాత్రం మనసులోంచి తీసెయ్యలేక, “అంటే ఆ కన్ను కొట్టడం కూడా...?” అన్నాడు.

“రెప్పపాటండీ, అంతే.”

ఆయన ముఖం రెండువైపులా సమానంగా వేలాడింది, ఏ సూదీ లేకుండానే. ఐదుంబావుకి పెద్దాయన కుడి రెప్ప సగం దిగింది, పెదవిలో చీమలు పాకడం మొదలైంది. నాయనమ్మ మేనకోడల్ని పక్కకి పిలిచింది.

“అమ్మాయ్, మావాడి నోరు ఇలాంటి చోట్ల ఓ గంట పడిపోయేట్టు చెయ్యాలంటే ఏ నరంలో పొడవాలి?”

“నాలుక కదలడం పన్నెండో నరం పని బామ్మగారూ. పంటి సూది మామూలుగా దానిదాకా పోదు.”