మూడు పెన్నీల తేయాకు సుంకం వారికి ఒక లేఖ

మహారాజశ్రీ పౌను తేయాకుకు మూడు పెన్నీల సుంకం వారి సముఖానికి,

1767లో గాజు, సీసం, రంగులు, కాగితాల మీది సుంకాలతో పాటు మిమ్మల్ని అమెరికా వలసల మీద ప్రతిపాదించిన బ్రిటిష్ ఆర్థిక మంత్రి చార్లెస్ టౌన్‌షెండ్, మీరు అమల్లోకి రాకముందే కన్నుమూశారు. తండ్రి లేని బిడ్డలన్న జాలి కూడా లేకుండా, పార్లమెంటులో తమకు ప్రాతినిధ్యం లేనిదే పన్నేమిటంటూ ఆ వలసల జనం బ్రిటిష్ సరుకునే బహిష్కరించారు. చివరికి 1769 మే నెలలో మీ తోబుట్టువులను వదిలించుకోవాలనుకున్న మంత్రివర్గం, మిమ్మల్ని ఉంచాలా వద్దా అని తర్జనభర్జన పడి, ఐదుగురు ఔనని, నలుగురు కాదని తేల్చింది. ఒక్క ఓటుతో బతికి బట్టకట్టిన మీరు తరువాత సామ్రాజ్యానికే గండమయ్యారు.

మిమ్మల్ని ఉంచింది డబ్బు కోసం కాదని, పన్ను వేసే హక్కు పార్లమెంటుకు ఉందని చూపడానికేనని అందరికీ తెలుసు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెత ప్రధాని లార్డ్ నార్త్ విని ఉండరు గానీ, ఆయన కుందేటికి మూడు పెన్నీలు మాత్రం ఖాయం.

1773లో ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో తేయాకు గుట్టలు పడి ఉంటే, ప్రభుత్వం దానికి 14 లక్షల పౌండ్ల అప్పిచ్చి, ఇంగ్లండులో కట్టవలసిన సుంకాన్ని మాఫీ చేసి, సరుకును నేరుగా అమెరికాకు పంపుకోనిచ్చింది. మిమ్మల్ని కూడా తీసేస్తే గొడవ ఉండదని ప్రతిపక్ష సభ్యుడు డౌడ్స్‌వెల్ సభలోనే చెప్పినా నార్త్ వినలేదు. చవకగా దొరికే టీని కాదనేవారెవరని ఆయన ధీమా. (ఆ కంపెనీ మాకూ పాత చుట్టమే. 1766లో నిజాముతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులను పుచ్చుకున్నప్పుడు, శిస్తు కట్టవలసిన రైతుకు ప్రాతినిధ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు.)

చవక టీ వల్ల దొంగసరుకు వ్యాపారుల పొట్ట కొట్టినట్లయిందన్నదీ నిజమే. అమెరికా రేవు పట్టణం బోస్టన్ ఆవేశమంతా సిద్ధాంతమేనని మేము ప్రమాణం చేయబోము. కానీ అక్కడి గవర్నర్ హచిన్‌సన్ కొడుకులే ఆ సరుకు అందుకోవలసిన ఏజెంట్లు కావడం, సుంకం కట్టనిదే ఓడలను రేవు దాటనివ్వనని ఆయన భీష్మించడం మీకు అందిన అపురూపమైన సేవలు. డిసెంబరు 16 రాత్రి మోహాక్ తెగ ఆదివాసుల వేషాలు కట్టినవారు మూడు ఓడలెక్కి 342 పెట్టెలను సముద్రం పాలు చేశారు. తేయాకు తప్ప మరో వస్తువు జోలికి పోలేదు. పగిలిన ఒక తాళానికి బదులు కొత్తది తెచ్చి ఇచ్చారట. మరో రేవు చార్లెస్టన్‌లో మాత్రం మిమ్మల్ని కట్టేవారు లేక అధికారులు ఆ సరుకును నేలమాళిగలో భద్రపరిచారు; 1776లో తిరుగుబాటుదారులు దాన్ని అమ్ముకుని పోరాటానికి వాడుకున్నారు. మీ జీవితంలో ఎవరికైనా మంచి రాబడి వచ్చిందంటే అక్కడేనేమో.

బోస్టన్ రేవును మూసి, సైన్యాన్ని దింపి, సరాటోగా యుద్ధంలో ఒక సేననే పోగొట్టుకున్న తరువాత, 1778లో పార్లమెంటు మిమ్మల్ని తానే రద్దు చేసింది. ఆ శుభవార్తను మోసుకుని రాయబారులు ఓడెక్కి వెళ్లేసరికి అమెరికన్లకు ఫ్రాన్సుతో సంధి కుదిరిపోయింది. స్వాతంత్ర్యం ఒప్పుకుంటే తప్ప మాటలే లేవన్నారు.

ఇట్లు,
ఉత్తర సర్కారుల నుంచి ఒక టీ ప్రియుడు